గణన హాలుకు భాష కట్టిన రెబెక్కమ్మ గారు

1957వ సంవత్సరం ఆగస్టు 19వ తేదీ సోమవారం ఉదయం, దర్గామిట్టలోని అద్దె భవనంలో నడుస్తున్న మన తీర జలమట్ట గణన కార్యాలయంలో శ్రీమతి రెబెక్కమ్మ గారు గణన సహాయకురాలిగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఈ 1969 జూన్ 30వ తేదీన గణన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ రెండు తేదీల మధ్య జరిగినదానిని ఈ ప్రత్యేక సంచిక కోసం వ్రాయవలసిందిగా సహోద్యోగులు నన్ను కోరడం నా భాగ్యంగా భావిస్తున్నాను. నా వాక్యాలు పొడవుగా ఉంటాయని కార్యాలయంలో ఒక ప్రతీతి ఉన్నది. వాటిని ఎర్ర పెన్సిలుతో నిర్దాక్షిణ్యంగా కత్తిరించే అలవాటు రెబెక్కమ్మ గారిది. కనుక ఈ ఒక్క వ్యాసాన్ని మాత్రం అచ్చయ్యేవరకు వారి కంట పడనివ్వలేదు.

ఇటువంటి సంచికలలో పదవీ విరమణ చేసేవారందరూ మృదుభాషులు, శాంతమూర్తులు అయిపోవడం నేను చాలాకాలంగా గమనిస్తున్నాను. రెబెక్కమ్మ గారు శాంతమూర్తి కారు. తప్పు లెక్క తెచ్చినవారిని వారు కూర్చోమనరు. సరైన లెక్క తెచ్చినవారిని మెచ్చుకోరు, ఎందుకంటే సరైన లెక్క తేవడానికే ప్రభుత్వం జీతం ఇస్తున్నదని వారి అభిప్రాయం. చిట్టమూరులో జన్మించి, నెల్లూరులో ఒక మిషను బడిలో చాలా ఏళ్ళు లెక్కలు బోధించి, వయోపరిమితి విషయంలో ప్రత్యేక అనుమతితో ఇక్కడికి వచ్చారు. వారి భర్త ఏసుమణి గారు ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేసినవారు, మితభాషి. ఇంట్లో కూడా అమ్మగారు ఇంతేనా అని నేనొకసారి అడిగితే, ఆయన చుట్టూ చూసి నవ్వి ఊరుకున్నారు.

ఆనాటి మన కార్యాలయమంటే ఒకే ఒక పెద్ద హాలు. వరుసగా వేసిన బల్లల మీద చేతితో తిప్పే లెక్కల మిషన్లు, వాటి వెనుక పాతికమందికి పైగా గణకులు, పొద్దస్తమానం పిండిమరలో కూర్చున్నట్లు చప్పుడు. తోటపల్లి గూడూరు వైపు ఉప్పుటేళ్ళలో ఏ రోజు ఏ వేళకు సముద్రపు పోటు ఎంత ఎత్తుకు వస్తుందో, ఆటు ఎంత లోతుకు దిగుతుందో ముందుగా లెక్కకట్టి, మురుగు కాలువల తూము తలుపులు ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో పట్టికలు పంపడం మన విధి. తూము దగ్గరి కొలబద్ద మీద సున్నా గుర్తుకు నీరు ఎంత పైన ఉన్నదో, ఎంత లోపు ఉన్నదో సెంటీమీటర్లలో చెప్పేవాళ్ళం. పోటు వేళ తలుపులు తెరిచి ఉంటే ఉప్పునీరు వరి మడులలోకి ఎక్కుతుంది. ఆటు వేళ మూసి ఉంటే వాననీరు బయటికి పోక పైరు కుళ్ళుతుంది. అందువల్ల మన లెక్కలో తప్పు వస్తే దాని ఫలితం మన ఫైళ్ళలో కాక, రైతుల పొలాల్లో కనబడేది.

ఈ హాలుకు రెబెక్కమ్మ గారు తెచ్చిన తొలి మార్పు 'జోడు లెక్క'. ప్రతి లెక్కనూ ఇద్దరు, ఒకరి కాగితం ఒకరు చూడకుండా, వేర్వేరుగా చేయాలి. రెండు ఫలితాలూ కలిస్తేనే పట్టిక గడప దాటాలి. తేడా వస్తే, దానిని కనిపెట్టినవారు ముందుగా తన జోడుకే చెప్పాలి, పై అధికారికి కాదు. తప్పు ఎవరిదో తేలకముందే ఎవరి పరువూ పోకూడదన్నది ఈ నియమంలోని మర్మం. పర్యవేక్షకుడినైన నాకు ఈ ఏర్పాటు వల్ల చాలా సంగతులు ఆలస్యంగా తెలిసేవి; తెలిసేనాటికి అవి సర్దుకొని ఉండేవి కాబట్టి నేను ఆక్షేపించలేదు.

1962లో మన కార్యాలయానికి కంప్యూటరు వచ్చింది. ఒక విదేశీ విశ్వవిద్యాలయం కొంతకాలం వాడి, సహాయ పథకం కింద మన దేశానికి ఇచ్చిన చిన్న యంత్రమది. మద్రాసు రేవు నుంచి లారీలో వస్తూ మనుబోలు దగ్గర వర్షానికి బురదలో దిగబడితే, ఊరివారంతా చేయివేసి తోశారు. తోసినవారిలో పెద్దలు కొందరు ఆ పెట్టెలో దేవుడి విగ్రహం ఉన్నదని నమ్మి కొబ్బరికాయ కూడా కొట్టారు. ఆ కాయ ముక్కలతో సహా యంత్రాన్ని నేను స్వయంగా దించుకున్నాను.

హాలులో మాత్రం ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు. అంతమంది కలిసి వారం రోజులు చేసే లెక్కను ఆ యంత్రం పూటలో చేయగలదు. అటువంటప్పుడు అంతమంది ఎందుకన్న ప్రశ్న ఎవరికైనా వస్తుంది, పైవారికి కూడా వచ్చింది. కొన్నేళ్ళు చూసి ఒక కమిటీ వచ్చి నిర్ణయిస్తుందని ఉత్తర్వు వచ్చింది. యంత్రం ఇక్కడే ఉండిపోతే మద్రాసు నుంచి ముగ్గురు నలుగురు నిపుణులు వచ్చి దానిని నడుపుతారు, హాలు మూతపడుతుంది; యంత్రం పనికిరాదని తేలితే వెనక్కి పోతుంది, హాలు యథాతథంగా ఉంటుంది. హాలులో అందరికన్నా సీనియరైన హజరత్తయ్య గారు యంత్రాన్ని వెనక్కి పంపమని అర్జీ వ్రాసి అందరి చేతా సంతకాలు పెట్టించారు. పిల్లల చదువులు, తల్లిదండ్రుల మందులు ఆ జీతాల మీదనే నడుస్తున్న రోజులవి, కనుక ఆ అర్జీని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు.

సంతకం చేయనిది రెబెక్కమ్మ గారొక్కరే. యంత్రమూ ఉండాలి, హాలులో అందరూ ఉండాలి అన్నది వారి పట్టు. అది జరగాలంటే యంత్రాన్ని హాలు వారే నడపగలగాలి. కాని ఆ యంత్రానికి అంకెలు తప్ప మరేమీ తెలియదు. ఏ పని చెప్పాలన్నా కాగితపు టేపు మీద రంధ్రాలుగా కొట్టిన అంకెల వరుసలతోనే చెప్పాలి. ఆ విద్య అబ్బడానికి వారికే ఏడాది పట్టింది. అందుకని, హాలులో రోజూ వినబడే కూడు, తీయి, పోల్చు, ఆగు వంటి తెలుగు మాటలతో ఒక చిన్న భాష కట్టి, ఆ భాషలో వ్రాసినదానిని యంత్రపు అంకెలలోకి మార్చే కంపైలరును తామే తయారు చేస్తామని ప్రకటించారు. టేపు కొట్టే యంత్రం మీద ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి కనుక, ఆ తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాలలో కొట్టేవారు. 'ఎవ్వరి కుర్చీ పోదు, నాదీ హామీ' అని హాలు మధ్యలో నిలబడి వారు చెప్పిన మాటను చాలామంది అప్పుడు నమ్మలేదు.

కంపైలరు అంటే ఏమిటో, దానిని ఎట్లా పుట్టించారో ఈ సంచిక చదివే మన కుటుంబ సభ్యుల కోసం కొంచెం వివరిస్తాను. నాకు రెబెక్కమ్మ గారు వివరించిన తీరులోనే చెబుతాను. పెరుగు కావాలంటే పెరుగు తోడు వేయాలి. తోడు లేని ఇంట్లో ఏం చేస్తారు? వేడి పాలలో మిరపకాయ తొడిమలు వేస్తారు. అది ఎలాగోలా తోడుకుంటుంది, అంత కమ్మగా ఉండదు, కాని మరునాటి పాలకు తోడుగా పనికివస్తుంది. మూడో నాటికి ఇంట్లో మంచి పెరుగు ఉంటుంది. అదే విధంగా రెబెక్కమ్మ గారు మొదట ఒక మోటు అనువాద టేపును అంకెలతో తమ చేత్తోనే తయారు చేశారు. తరువాత అసలు కంపైలరును హాలు భాషలోనే వ్రాసి, ఆ మోటు టేపు చేత యంత్రపు అంకెలలోకి మార్పించారు. ఆ విధంగా వచ్చిన కంపైలరు చేత మళ్ళీ దానినే మార్పించారు. 1965 వేసవిలో కంపైలరు తనను తానే పుట్టించుకున్న రోజున వారు సెలవు పెట్టకుండా మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయారు. వారి ఉద్యోగ జీవితంలో నేను ఎరిగిన ఏకైక క్రమశిక్షణా రాహిత్యం అదే.

కమిటీ 1967 మార్చి ప్రారంభంలో వస్తుందని వర్తమానం అందింది. ఆ ముందు సంక్రాంతి సెలవులు ముగిశాక యంత్రం చేత ఒక తూము పట్టిక చేయించి పరీక్షించాలని నిర్ణయించారు. యంత్రానికి కూడా జోడు ఉండవలసిందేనని రెబెక్కమ్మ గారు పట్టుబట్టి, ఆ జోడుగా హజరత్తయ్య గారినే ఎన్నుకున్నారు. వద్దన్నవారి కన్నే నిశితంగా చూస్తుందని వారి ఆలోచన. హజరత్తయ్య గారు తన లెక్క తాను చేసి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకొని చూసి, మధ్యాహ్న భోజనం మాని నేరుగా రెబెక్కమ్మ గారి బల్ల దగ్గరకు వచ్చారు. పక్క బల్ల నాది కనుక సంభాషణ నా చెవిన పడింది.

"అక్కా, నీళ్ళు సున్నా గుర్తుకు రెండు లోపుండేటప్పుడు తలుపులు మూయమంటా ఉండాది మీ మిషను. నా లెక్కలో తెరవాల. నీకు జోడును కాబట్టి ముందు నీకే చెప్తా ఉండా" అన్నారు హజరత్తయ్య గారు.

రెబెక్కమ్మ గారు రెండు కాగితాలూ చూశారు. "ఈ మాట కమిటీ ముందర చెప్పుంటే నీ అర్జీ గెలిచేది గదా హజరత్తయ్యా?"

"గెలిచేదే. అట్టా గెలిచేదానికైతే జోడు లెక్కెందుకక్కా."

ఆ రోజు నుంచి రెబెక్కమ్మ గారు కంపైలరు వాక్యాలను ఒక్కొక్కటిగా చదివారు. ఎక్కడా తప్పు లేదు. కాగితం మీద అంతా సవ్యంగా ఉన్నది, యంత్రం మాత్రం తప్పే చెబుతున్నది. చివరకు కారణం దొరికినప్పుడు అది మన హాలు అలవాటే అని తేలింది. మన చేతి మిషనును సున్నా దాటి వెనక్కి తిప్పితే గళ్ళన్నీ తొమ్మిదులతో నిండుతాయి; సున్నాకు రెండు తక్కువ అయితే 99998 కనబడుతుంది. దానిని హాలులో ఎవ్వరూ తొంభైతొమ్మిది వేల చిల్లరగా చదవరు, 'రెండు లోపు' అని చదువుతారు, కాగితం మీద కూడా అట్లాగే వ్రాస్తారు. కంప్యూటరుకు ఈ మర్యాద తెలియదు, దానికి రుణ చిహ్నం విడిగా చెప్పాలి. మొట్టమొదటి మోటు టేపు తయారు చేసేటప్పుడు, ఒకే ఒక్క చోట, ఏళ్ళ తరబడి మిషను తిప్పిన చెయ్యి రుణ సంఖ్యను తొమ్మిదులలో వ్రాసేసింది.

విచిత్రమేమంటే, ఆ తొమ్మిదులతో కూడినా తీసినా జవాబు సరిగ్గానే వస్తుంది. రెండు సంఖ్యలను పోల్చినప్పుడు మాత్రమే తప్పు బయటపడుతుంది. అప్పుడు రెండు సెంటీమీటర్లు లోపున్న ఆటు నీటిని యంత్రం కొండంత వరదగా భావించి తలుపులు మూయమంటుంది. అంతకంటే విచిత్రం, ఆ తప్పు టేపు నుంచి టేపుకు దిగిరావడం. రుణ సంఖ్యలను మార్చడానికి కంపైలరు తన వాక్యాలలోనే 'రుణ ఒకటి'ని వాడుకుంటుంది. మోటు టేపు ఆ ఒకటినే తొమ్మిదులుగా చేసి పెట్టింది. ఆ తొమ్మిదులతో పుట్టిన కంపైలరు తన తరువాతి కంపైలరుకు కూడా అవే ఇచ్చింది. వాక్యాలలో లేని తప్పు టేపులో బతుకుతున్నది. "పాలు మంచివే. తోడే చెడింది" అని రెబెక్కమ్మ గారు హాలు వారికి చెప్పారు.

అప్పటి డైరెక్టరు గారు సహృదయులు, కాని కమిటీ రాక దగ్గరపడుతున్నది. ఆ ఒక్క చోట సరిచేస్తే సాయంత్రానికి పని అయిపోతుంది కదా అని అడిగారు. సాంకేతికంగా అది సాధ్యమేనని రెబెక్కమ్మ గారు కూడా అంగీకరించారు.

"ఒకటి కనబడింది కాబట్టి సరిచేస్తాం సార్. కనబడనివి ఇంకెన్ని ఉండాయో మీరు చెప్పగలరా, నేను చెప్పగలనా? పొలంలోకి ఉప్పునీళ్ళు ఎక్కినాక గదా తెలిసేది. ఆ టేపుకు పుట్టినదాన్ని నేను నమ్మను" అన్నారు.

మరి ఏం చేయాలి? కంపైలరు వాక్యాలు ఎట్లాగూ నిర్దోషంగా ఉన్నాయి. వాటిని యంత్రం చేత కాక, మనుషుల చేత, ఆ వాక్యాలలోని నియమాలనే అనుసరించి, మొదటి మాట నుంచి చివరి మాట వరకు అంకెలలోకి మార్పించాలి. పాత టేపు నీడ కూడా పడని కొత్త టేపు అప్పుడు వస్తుంది. ఒక్కరు చేస్తే ఏడాది పడుతుంది, హాలంతా చేస్తే కమిటీ వచ్చేనాటికి అందవచ్చు. అయితే ఆ హాలంతా యంత్రాన్ని వెనక్కి పంపమని సంతకాలు పెట్టినవారే. ఎన్నడూ ఎవరినీ ప్రాధేయపడని రెబెక్కమ్మ గారు ఆ రోజు హాలు మధ్యలో నిలబడి, ఇది చేస్తే యంత్రం నిలుస్తుంది, యంత్రం నిలిచినా మీరు నిలుస్తారని నా మాట తప్ప వేరే పూచీ లేదు, ఇష్టం లేనివారు చేయనక్కరలేదు అని చెప్పి కూర్చున్నారు.

హజరత్తయ్య గారు తన మిషను హ్యాండిలును పక్కకు మడిచి లేచారు. "ఈ మిషను మన అన్నం తీస్తాదని ఇన్నేళ్ళు భయపడితిమి. ఇప్పుడు దానికి మన చేతులే దిక్కైనాయి. ఇది ఇంకొకరు నడిపే మిషను కాదింక. చేద్దాం పట్టండి" అన్నారు. ముందు గణకురాలు మాలకొండమ్మ గారు లేచి కాగితాలు అందుకున్నారు, తరువాత మిగిలినవారు లేచారు.

ఆ వారాలలో మన హాలే కంప్యూటరు అయింది. ఒక వరుస వాక్యాన్ని చదివి విడగొడితే, రెండో వరుస ఏ మాట యంత్రపు జ్ఞాపకంలో ఏ గదిలో ఉండాలో చెప్పేది, మూడో వరుస అంకెలు వేసేది. అన్నీ జోడు లెక్కగానే. తేడాలు వచ్చినప్పుడు జోడుకు జోడు గుసగుసలాడుకొని సరిదిద్దుకునేవారు. నాకు యథాప్రకారం ఏమీ తెలియనిచ్చేవారు కాదు. రుణ సంఖ్య వచ్చిన ప్రతిచోటా రెబెక్కమ్మ గారు వచ్చి వెనుక నిలబడేవారు. ఎర్ర పెన్సిలు పట్టుకొని నిలబడితే ఎవరికి మాత్రం తొమ్మిదులు వ్రాసే ధైర్యం ఉంటుంది?

కమిటీ వచ్చిన ఉదయానికి చేతి టేపు కొట్టడం పూర్తయింది. దానిని యంత్రానికి పెట్టి, కంపైలరు వాక్యాలను ఇచ్చి, యంత్రం చేత దాని సొంత టేపును కొట్టించాలి. మనుషులు చేసిన టేపు, యంత్రం చేసిన టేపు రంధ్రానికి రంధ్రం ఒక్కటిగా ఉంటే పని నెగ్గినట్లు. ముందుగా చూసుకునే వ్యవధి లేదు. కమిటీ వారు హాలులో నిలబడి ఉండగానే యంత్రం టేపు కొట్టి ఆగింది. రెబెక్కమ్మ గారు రెండు టేపులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి తూర్పు కిటికీ దగ్గరకు నడిచారు. రెండో కొసను హజరత్తయ్య గారు పట్టుకున్నారు. ఎండకు ఎదురుగా మూర మూరగా జరుపుతూ పోయారు. వెలుతురు ప్రతి రంధ్రంలోంచీ వచ్చి ఎదురు గోడ మీద పడుతున్నది.

ఒక చోట పడలేదు. రెబెక్కమ్మ గారు ఆగిపోయారు. కమిటీ అధ్యక్షులు కళ్ళద్దాలు సవరించుకున్నారు. హజరత్తయ్య గారు వంగి, చేతి టేపును కంటికి దగ్గరగా తెచ్చుకొని చూశారు. సముద్రపు గాలికి మెత్తబడిన కాగితం అక్కడ పూర్తిగా తెగక, చిన్న రేకు రంధ్రానికి అడ్డంగా అతుక్కొని ఉన్నది; టేపు చదివే యంత్రపు సూది దానిని నెట్టుకొని పోగలదు, వెలుతురు పోలేదు. ఆయన గోటితో దానిని తీసి, ఉఫ్ మని ఊదారు. వెలుతురు వచ్చింది. మిగిలిన టేపంతా అదే తీరుగా సాగి, చివరి రంధ్రం వరకు కలిసింది.

దీనిని నడపడానికి మద్రాసు నుంచి ఎంతమంది కావాలని అధ్యక్షులు అడిగారు. రెబెక్కమ్మ గారు సమాధానంగా, ఇంగ్లీషు మాట వినబడితే తలుపు చాటుకు తప్పుకునే మాలకొండమ్మ గారిని పిలిచి, మరునాటి ఆటుకు తూము పట్టిక చేయమన్నారు. మాలకొండమ్మ గారు హాలు భాషలో నాలుగైదు పంక్తులు వ్రాసి, టేపు కొట్టి, యంత్రానికి పెట్టారు. నీరు సున్నాకు లోపు, తలుపులు తెరవవలెను అని పట్టిక వచ్చింది. హజరత్తయ్య గారు తన కాగితంతో పోల్చి సరే అన్నారు. అధ్యక్షులు మద్రాసు మాట మళ్ళీ ఎత్తలేదు. నెల తిరగకముందే, హాలు సిబ్బంది యావన్మందినీ యంత్ర విభాగంలోకి మారుస్తూ ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వును నేను చదివి వినిపించినప్పుడు హజరత్తయ్య గారు కళ్ళు తుడుచుకున్నారు, నేనూ తుడుచుకున్నాను. రెబెక్కమ్మ గారు నా ఉచ్చారణలో ఒక దోషం ఎత్తిచూపారు.

ఆ ఏడాదే వారు విభాగాధిపతి అయ్యారు. గత రెండేళ్ళలో హాలు భాషలో వానల లెక్కలు, చెరువుల లెక్కలు కూడా చేరాయి. ఇతర జిల్లాల కార్యాలయాల నుంచి నేర్చుకోవడానికి వస్తున్నారు. వచ్చినవారికి రెబెక్కమ్మ గారు మొదటి పాఠంగా తమ తొమ్మిదుల పొరపాటునే చెబుతారు. తోటపల్లి గూడూరు పొలాల్లో ఈ రెండేళ్ళూ పైరు ఉప్పు తినలేదు. రాబోయే రోజుల్లో ఇటువంటి యంత్రాలు ఎన్ని వచ్చినా, వాటితో మన మాటల్లో మనమే మాట్లాడగలమన్న ధైర్యం ఈ కార్యాలయానికి వచ్చింది. ఆ ధైర్యం వారి చలవే.

అమ్మా రెబెక్కమ్మ గారూ, యంత్రం వస్తే ఈ హాలులో కుర్చీలు ఖాళీ అవుతాయని మేమంతా భయపడ్డాము. ఏడేళ్ళయింది, ఒక్కటీ ఖాళీ కాలేదు. జూలై ఒకటవ తేదీ ఉదయం మొదటిసారిగా ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది, అది మీది. ఆ ఒక్క మాటా మీరు నిలబెట్టుకోలేకపోయారని హాలు తరఫున మీ మీద మా ఫిర్యాదు. ఏసుమణి గారితో కలిసి మీరు కంటి చూపు తగ్గకుండా, చేతి పట్టు సడలకుండా, నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా, ఆనందంగా ఉండాలని మనసారా కోరుకుంటున్నాము. అప్పుడప్పుడు వచ్చి మా లెక్కలు చూడండి. మిమ్మల్ని మేము కూర్చోబెడతాము.

సంజీవరావు
కార్యాలయ పర్యవేక్షకుడు